దసరా నుంచి కింది షాపు ఉండదు, రిపేర్లు మాత్రం ఉంటాయి

అందరికీ నమస్కారం.

విషయం ముందే చెప్పేస్తాను. దసరా నుంచి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో మన కింది కంప్యూటర్ షాపు ఖాళీ చేస్తున్నాం. కొత్త ల్యాప్‌టాప్‌లు, డెస్క్‌టాప్‌లు ఇక అమ్మం. అదే బిల్డింగులో రెండో అంతస్తులో చిన్న గది తీసుకున్నాను, రిపేర్లన్నీ అక్కడే. ఫోన్ నంబరు మారదు. లిఫ్టు మీద ఆశ పెట్టుకోకండి, మెట్లెక్కి రండి.

ఎందుకని చాలామంది అడుగుతున్నారు. ఆన్‌లైన్ దెబ్బ అనేస్తే నాకు సుఖమే గానీ, అది సగమే నిజం. మనిషి నా కౌంటర్ మీదే మోడల్ పట్టుకుని చూస్తాడు, కీబోర్డు నొక్కి చూస్తాడు, తర్వాత ఫోన్ తీసి రేటు నా వైపు తిప్పుతాడు. చాలాసార్లు అది నేను డీలర్ దగ్గర కొన్న రేటు కన్నా తక్కువ. ఆయన్నేం అనగలను? నేనైనా అదే చేస్తాను.

మిగతా సగం నా తప్పు. 2020లో పిల్లలకు ఆన్‌లైన్ క్లాసులు, పెద్దలకు ఇంట్లోనే ఆఫీసు. సెకండ్‌హ్యాండ్‌దైనా సరే ఇవ్వండని జనం లైన్ కట్టారు. ఆ గిరాకీ అలాగే ఉంటుందనుకుని మరుసటి ఏడాది అప్పు చేసి సరుకు నింపాను. స్కూళ్లు తెరిచారు, సరుకు కూర్చుండిపోయింది. కంప్యూటర్లేమైనా బియ్యమా, పాతబడితే రేటు పెరగడానికి? వడ్డీ మాత్రం పెరిగింది. మొన్న వేసవికి ఆ బాకీ తీరింది. మళ్లీ ఆ టెన్షన్ పడే ఓపిక లేదు.

వారం నుంచి సామాను సర్దుతున్నాం. పని మాత్రం సాగట్లేదు, ఏ డబ్బా తీసినా అక్కడే కూర్చుండిపోతున్నాను.

నేను ఈ లేన్‌కి 1994లో హెల్పర్‌గా వచ్చాను. ప్యారడైజ్ దగ్గర బస్సు దిగి నడిచేవాణ్ణి. చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకి తిరిగి నిలబడాల్సినంత ఇరుకు షాపులు. తెల్లకాగితం మీద కొటేషన్ రాసిచ్చేవాళ్లం: 486 డీఎక్స్2 ప్రాసెసర్, 4 ఎంబీ ర్యామ్, 14 అంగుళాల కలర్ మానిటర్. ఒక్క ఇంట్లో సిస్టమ్ కొంటున్నారంటే తండ్రి, మేనమామ, ఇంజనీరింగు చదివే పక్కింటి అబ్బాయి, అందరూ వచ్చేవాళ్లు. ఇంటికెళ్లి బిగించాక పసుపు, కుంకుమ పెట్టేవరకూ స్విచ్ వెయ్యనిచ్చేవారు కాదు. ఒకసారి ఆ కుంకుమ ఫ్లాపీలు (అప్పటి చదరపు డిస్కులు) పెట్టే డ్రైవ్‌లోకి రాలిపోయింది, దాన్ని దులపడానికి నాకు ఒక పూట పట్టింది.

తండ్రి కచ్చితంగా చెప్పేవాడు: "మావాడు సీ ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలి. గేమ్స్ ఏవీ వెయ్యకండి." పిల్లాడు వెనక నిలబడి కళ్లతోనే బతిమాలేవాడు. మా ఓనరు, "రండి సార్, చాయ్ తాగొద్దాం" అని పెద్దాయన్ని బయటికి తీసుకెళ్లేవాడు. ఆ పది నిమిషాల్లో నేను టర్బో సీ (సీ ప్రోగ్రాములు రాసే సాఫ్ట్‌వేర్) ఫోల్డర్ లోపల ఇంకో ఫోల్డర్ చేసి డేవ్, డిగ్గర్, ప్రిన్స్ ఆఫ్ పర్షియా గేములు వేసేసేవాణ్ణి. పోయిన నెల అలాంటి పిల్లాడొకడు, ఇప్పుడు నెత్తి బట్టతల, కొడుకుని వెంటబెట్టుకొచ్చాడు. గేమ్స్ ఆడటానికి వీల్లేని ల్యాప్‌టాప్ కావాలట. నేను చాయ్ తాగొద్దాం రమ్మన్నాను. ఆయనకి గుర్తుంది, రాలేదు.

ఆ గేములన్నీ కాపీలే, దాచేదేం లేదు. ప్రిన్స్‌లో మొదటి లెవల్ దాటగానే అక్షరాలున్న సీసాల గది వస్తుంది. మాన్యువల్‌లో ఫలానా పేజీలో, ఫలానా లైనులో ఫలానా మాట మొదటి అక్షరం ఏదో ఆ సీసానే తాగాలి. కొన్నవాడికే మాన్యువల్ ఉంటుందని ఆ ఏర్పాటు. మా దగ్గర మాన్యువల్ లేదు, ఎవరో చేత్తో రాసిన పట్టిక జిరాక్స్ ఉండేది. సిస్టమ్ కొన్నవాళ్లకి అది ఫ్రీ. ప్రిన్స్ అని కొట్టి పక్కన మెగాహిట్ అని కొడితే ఆడకుండానే లెవల్స్ దాటెయ్యొచ్చన్న రహస్యం మాత్రం బాగా తెలిసినవాళ్లకే చెప్పేవాళ్లం.

ఫ్లాపీలో పట్టేది 1.44 ఎంబీ. పెద్ద గేమ్ అయితే ఆర్జ్ అనే ఫైళ్లు కుదించే ప్రోగ్రాముతో ముక్కలు చేసి పది ఫ్లాపీల్లో ఇచ్చేవాళ్లం. తొమ్మిదోది ఇంట్లో చదవదు. "అబార్ట్, రీట్రై, ఫెయిల్" అని అడుగుతూ కూర్చుంటుంది. కరీంనగర్ నుంచి ఒకబ్బాయి ఆ ఒక్క ఫ్లాపీ కోసం మళ్లీ బస్సెక్కి వచ్చాడు.

సిస్టమ్ కొనలేనివాళ్లు టీవీ గేమ్ కొనేవాళ్లు. జపాన్‌లో 1983లో వచ్చిన ఫ్యామికామ్ అనే నింటెండో గేమ్ మిషనుకి నకళ్లు అవి. క్యాసెట్ మీద "9999 ఇన్ 1" అని ఉంటుంది, లోపల తిప్పితిప్పి అవే పదీ పదిహేను గేములు. ఆడకపోతే అందరూ క్యాసెట్‌లో నోటితో ఊదేవాళ్లు, మేమూ ఊదమనే చెప్పేవాళ్లం. ఇన్నేళ్లకి చెప్తున్నాను: ఊదితే ఏమీ కాదు. తీసి మళ్లీ పెట్టడంలో కాంటాక్టులు రాసుకుని పనిచేసేది. పైగా నోటి తేమకి వాటికి చిలుము పడుతుంది. స్కూలు రబ్బరుతో రుద్ది, స్పిరిట్‌తో తుడిస్తే చాలు. ర్యామ్‌కి ఇప్పటికీ అదే వైద్యం.

షోకేసులో రబ్బరు కీలున్న జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే కంప్యూటర్ కూడా పై గదికి వస్తుంది. 1982లో ఇంగ్లండ్‌లో వచ్చిన మోడల్, మారేడ్‌పల్లి డాక్టరుగారు అక్కడ చదివేటప్పుడు కొన్నది. వాళ్ల పిల్లలు నాకిచ్చేశారు. గేమ్ ఎక్కించాలంటే టేప్ రికార్డర్‌లో క్యాసెట్ పెట్టి, టీవీ అంచుల్లో రంగు చారలు పరిగెడుతుంటే నిమిషాల తరబడి కూర్చోవాలి. కీల కింద మెంబ్రేన్ (పల్చటి ప్లాస్టిక్ పొర) పెళుసుబారి విరిగిపోతే కొత్తది వేశాను. అమ్మను, అడగకండి.

ఇప్పుడు కష్టమైన మాట. ఫిబ్రవరిలో ఒక మేడమ్ 12 ఫ్లాపీలు తెచ్చారు, వాళ్ల నాన్నగారి వ్యాసాలున్నాయి. బూజు పట్టినవాటిని ముందు శుభ్రం చెయ్యాలి, తర్వాతే డ్రైవ్‌లో పెట్టాలి. నాకు తెలిసీ తొందరపడ్డాను. ఒకటి గీసుకుపోయింది, ఆ బూజు డ్రైవ్‌లో డిస్కు చదివే హెడ్‌కి అంటుకుని తర్వాతిదాన్నీ పాడుచేసింది. పది వచ్చాయి, రెండు పోయాయి. డబ్బు తీసుకోలేదు, కానీ ఆ రెండిట్లో ఏముందో ఎవరికీ తెలియదు. అప్పటినుంచి ప్రతి ఫ్లాపీకీ ముందు హెడ్ తుడుస్తున్నాం, అందుకే పని ఆలస్యమవుతోంది. తిట్టుకోకండి.

పైన ఏం చేస్తామంటే: ల్యాప్‌టాప్ రిపేర్లు, పాత హార్డ్‌డిస్కులు, రెండు సైజుల ఫ్లాపీలు. యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ చిన్నవాటినే చదువుతుంది. ఐదుంపావు అంగుళాల పెద్దవాటికి పాత మదర్‌బోర్డు కావాలి, అది నా దగ్గరుంది. పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు అనూ ఫాంట్ల కోసం విండోస్ ఎక్స్‌పీ మిషను వదలని ప్రింటింగ్ ప్రెస్ వాళ్లు కంగారు పడకండి, మీ మిషన్లు చూస్తూనే ఉంటాను.

అటక మీద పాత 386, 486 ఉంటే ఒకసారి మూత తీసి చూడండి. మదర్‌బోర్డు మీద చిన్న పీపాలా, చాలావాటికి నీలం రంగులో, బ్యాటరీ ఉంటుంది. అది కారితే చుట్టూ రాగి గీతలు పచ్చబడి తినేసుకుపోతాయి. అమ్మినా, దాచుకున్నా ముందు అది కత్తిరించి తీసెయ్యండి. చేతకాకపోతే తెండి, దానికి డబ్బు తీసుకోను.

రిపేరుకిచ్చి మర్చిపోయిన మిషన్లు 23 ఉన్నాయి. కొన్నిటి చీటీల మీద ల్యాండ్‌లైన్ నంబర్లే, చేస్తే మోగట్లేదు. ఒకదాని మీద మా పాత ఓనరు చేతిరాతతో "నో గేమ్స్" అని ఉంది. ఆన్ చేసి చూశాను, టర్బో సీ లోపల ప్రిన్స్ ఉంది. మీదేనేమో, దసరాలోపు వచ్చి తీసుకెళ్లండి. పాత బాకీ ఏమీ అడగను.