యాప్ అంటే వీడియోలేనా?

సంపాదకులు గారికి,

ప్రాథమిక బడుల్లో సైన్స్ పాఠాలకు మొబైల్ యాప్‌లు వాడమని ఈమధ్య ఏ ట్రైనింగుకు వెళ్ళినా చెబుతున్నారు. సంతోషమే, కానీ యాప్ అనగానే అందరూ వీడియోల దగ్గరే ఆగిపోతున్నారు. పరిసరాల విజ్ఞానం చెప్పే టీచర్‌గా నా పేచీ అక్కడే.

పసుపు రాసిన కాగితం మీద సబ్బు నీళ్ళు పడితే ఎర్రబడుతుంది, దాని మీదే నిమ్మరసం పిండితే మళ్ళీ పసుపు రంగుకి వస్తుంది. ఇవన్నీ మధ్యాహ్న భోజనం వండే చోటే దొరుకుతాయి కదా, దీనికి కూడా యానిమేషన్ పెట్టి పిల్లల్ని చేతులు కట్టుకుని చూడమనడం ఏమిటి? వీడియోలో గింజ పది సెకన్లలో మొలకెత్తేస్తుంది. తడిగుడ్డలో పెసలు మూటగట్టి, మర్నాడు బడికి రాగానే ఎవరిది మొలకొచ్చిందో విప్పి చూసుకునే ఆత్రం అందులో రాదు.

ఫోన్ వద్దని నేననను. గుండె లోపల రక్తం ఎటు పోతుందో చూపాలంటే వీడియోనే నయం. పుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ని ప్రభుత్వ పాఠాల యాప్ ‘దీక్ష’లో స్కాన్ చేసి, ముందురోజే డౌన్‌లోడ్ చేసుకుంటే బడిలో నెట్ లేకపోయినా ప్లే అవుతుంది.

అసలు ఫోనే ఒక ప్రయోగ పరికరమన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. జర్మనీలోని ఆఖెన్ యూనివర్సిటీ వాళ్ళ ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ ఫోన్‌లో ఉన్న మైకుతో, సెన్సర్లతోనే శబ్దాన్నీ వెలుతురునీ కొలిచి గ్రాఫ్ గీస్తుంది. బడి గంట పక్కన ఒకసారి, గేటు దగ్గర ఒకసారి పెట్టి చూపిస్తే దూరం పోయేకొద్దీ శబ్దం తగ్గుతుందని మనం బోర్డు మీద రాయక్కర్లేదు, వాళ్ళే అరిచి చెబుతారు. సెల్ఫీ కెమెరా మీద చిన్న నీటిబొట్టు వేసి (చిన్నదే, ఫోన్ మనదే కాబట్టి జాగ్రత్త!) పైన మందారపువ్వు పట్టుకుంటే పుప్పొడి రేణువులు పెద్దవిగా కనిపిస్తాయి, భూతద్దాలు లేని బడికి ఇంతకంటే ఏం కావాలి? ట్రైనింగుల్లో ఇలాంటివి చేయించండి.

ఇంకోమాట. ఫోనూ మాదే, డేటా ఖర్చూ మాదే. హాజరు, భోజనం ఫోటో అప్‌లోడ్ అయ్యేసరికి సగం పీరియడ్ పోతోంది. బడికొక ట్యాబ్ పాఠాల కోసమే ఇప్పించండి, దయచేసి అందులో హాజరు యాప్ మాత్రం పెట్టకండి.

– ఒక సెకండరీ గ్రేడ్ టీచర్, ప్రకాశం జిల్లా