పదకొండు గుడ్ల బాకీ

బల్లార్షా,
ఆదివారం మధ్యాహ్నం

బావా,

ఇక్కడ అందరం క్షేమం. నీ మీద ఒక ఫిర్యాదు వచ్చింది. ఎవరు చేశారో, దాని ఖరీదెంతో ఉత్తరం చివర చెబుతాను. ఇప్పుడే చెప్పేస్తే మిగతాది చదవకుండా మడిచి దిండు కింద పెట్టేస్తావు. నలభై ఏళ్లుగా చూస్తున్నాను, నీ సంగతి నాకు తెలియదా?

మొన్న గురువారం రాజురా వెళ్లాను. భూమి కాగితం మీద ఒక ముద్ర కావాలి. ముద్ర వేయాల్సిన పెద్దమనిషి భోజనానికి వెళ్లాడు, నాలుగింటికి రమ్మన్నారు. మే నెల ఎండ. హైదరాబాదులో నలభై దాటితే మీరు ఊరంతా గగ్గోలు పెడతారు. ఇక్కడ మహారాష్ట్రలో, మన చాందా (చంద్రపూర్) జిల్లాలో నలభై ఆరంటే ‘ఇవాళ కాస్త ఫరవాలేదు’ అని అర్థం. తలకు తువ్వాలు చుట్టుకుని, ఎక్కడ కూర్చోవాలా అని చూస్తుంటే కాళ్లు వాటంతట అవే ఆసిఫాబాద్ రోడ్డు పట్టాయి. నిజం బావా, తాగడానికి వెళ్లలేదు. షుగరు వచ్చి ఆరేళ్లయింది. ఇప్పుడు నేను నిమ్మసోడాలో కూడా ఉప్పే వేయమని చెప్పే మనిషిని.

మన బారు ఉంది. అదే చోట ఉంది.

బారు అని మనం గొప్పకు అనేవాళ్లం కానీ, బోర్డు మీద అప్పుడూ ఇప్పుడూ ఉన్నది ‘శాసనమాన్య దేశీ దారూచే దుకాన్’. మొదటిసారి ఆ ‘శాసనం’ చూసి, ఇదేదో కాకతీయుల నాటి కట్టడం అనుకున్నావు నువ్వు. మరాఠీలో శాసనమంటే సర్కారు అని నేను చెప్పాక కూడా ఒప్పుకోలేదు. ‘శాసనం ఉంది కాబట్టి ఇక్కడ తాగడం పురావస్తు పరిశోధన కిందకే వస్తుంది’ అన్నావు. ఆ మాట మొన్న బోర్డు కింద నిలబడి తలచుకుని ఒక్కడినే నవ్వాను. పక్కన సైకిలు తొక్కుతున్న కుర్రవాడు నన్ను చూసి, పట్టపగలే ఎక్కించాడనుకుని ఉంటాడు.

ఆ ఇనుప జాలీ గుర్తుందా? మధ్యలో చెయ్యి మాత్రమే దూరే కంత. డబ్బు లోపలికి వెళ్లేది, పవ్వ, అదే పావు సీసా, బయటికి వచ్చేది. అన్నేళ్లు వెళ్లినా సేఠ్ ముఖం నేను పూర్తిగా చూడలేదు. ఎర్రరాయి ఉంగరం ఉన్న చెయ్యి, అప్పుడప్పుడు గడ్డం, అంతే. దారిలో ఎదురుపడితే గుర్తుపట్టేవాణ్ని కాదేమో. చెయ్యి ముందుకు చాపితే మాత్రం నమస్కారం పెట్టేవాణ్ని. వెనక రేకుల పాక, షాబాదు బండలతో కట్టిన బల్లలు, మూలన రంజన్ అనే నీళ్ల కుండ. రంజన్ మీద అల్యూమినియం గ్లాసును గొలుసుతో కట్టారు కదా, ఆ గొలుసు ఎంత పొట్టిదంటే నిలబడి నీళ్లు తాగడానికి వీలుండేది కాదు. ఎంతటి మొనగాడైనా, గనిలో సర్దారైనా, ఊళ్లో సర్పంచైనా, రంజన్ ముందు నడుం వంచి మెడ పక్కకు తిప్పి తాగాల్సిందే. ఎవరు ఎంత తాగారో అక్కడే బయటపడేది. వంగినవాడు మళ్లీ లేచాడంటే ఇంకో పవ్వకు అర్హుడని సేఠ్ లెక్క.

సంత్రా రుచి గురించి ఏం రాయను? చక్కెర మిల్లుల మడ్డితో చేసిన సారాయికి నారింజ వాసన అద్దుతారు. నాగపూర్ నారింజతో దానికున్న చుట్టరికం నీకూ నాకూ ఉన్న చుట్టరికం లాంటిదే, పిలుపులో తప్ప రక్తంలో లేదు. మీ నాన్నకు అదంటే అసలు పడేది కాదు. తాటివనం లేని ఊరు కూడా ఒక ఊరేనా అనేవాడు. దసరాకు పెద్దపల్లి వెళ్లి వచ్చిన ప్రతిసారీ వారం రోజులు కల్లు ముచ్చటే. తిరిగొచ్చిన మర్నాడే మళ్లీ సంత్రా. ముఖం చిట్లించుకుని తాగేవాడు, కానీ మిగల్చగా నేను చూడలేదు.

మధ్యాహ్నం పూట అక్కడ నాకు ఇష్టమైన ఘడియ ఒకటుండేది. సాస్తి ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్‌కు ముందు సైరను మోగేది. పాకలో మాటలు ఆగిపోయేవి. తర్వాత నేల లోపల ఎవరో బరువైన తలుపు మూసినట్టు చప్పుడు. బండ మీద పెట్టిన గ్లాసులో సన్నటి వలయాలు అంచు నుంచి నడిమికి వచ్చేవి. ఆ వలయాలే మన గడియారం. సంత్రా వణికిందంటే నాన్నల షిఫ్టు దిగే వేళ అయిందని, వాళ్లు ఇటు రాకముందే మనం సైకిళ్లు ఎక్కాలని అర్థం. చేతికి గడియారం ఉండి కూడా నువ్వు గ్లాసునే నమ్మేవాడివి.

బీడీల తాత గుర్తున్నాడా? పాక గుంజకు ఆనుకుని కూర్చుని, గ్లాసు అడగకుండా బీడీ మాత్రం అడిగేవాడు. వర్ధా నదికి మన ఇవతలి ఒడ్డు తెల్లదొరది, రాజురా ఒడ్డు మొగలాయి అనేవాడు. మొగలాయి అంటే మొగలులు అనుకున్నాం మనం. నిజాం రాజ్యాన్ని ఇక్కడివాళ్లు అలా పిలిచేవారని తర్వాత తెలిసింది. 1948లో నిజాం పాలన పోయింది. 1956లో రాష్ట్రాలు విడదీసేదాకా రాజురా ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. అందుకే తాతకు మరాఠీలో కోపం, తెలుగులో లెక్కలు, ఉర్దూలో తిట్లు వచ్చేవి. గోండీలో మాత్రం తన మనవరాలితో ఒక్కదానితోనే మాట్లాడేవాడు. నీ ఉద్యోగం ఇంటర్వ్యూకు మాతృభాష ఏమిటని అడిగితే తడబడ్డానని చెప్పావే, ఆ తడబాటు ఇక్కడిదే.

ఇక 1995. ఆ సంక్రాంతి వెళ్లగానే, జనవరి 16 నుంచి, ఎన్టీఆర్ అవతల ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ మద్యనిషేధం పెట్టారు కదా. సారాను 1993లోనే ఆపేశారు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు కదిలితే ఇక్కడ మన సేఠ్ పంట పండింది. ఆసిఫాబాద్ నుంచి, కాగజ్‌నగర్ నుంచి జీపులకు జీపులు వచ్చేవి. పెళ్లి బృందంలా దిగేవారు. మన పాకలో మనకే చోటు లేకపోయింది. ఒకాయన తెల్లచొక్కా ఇస్త్రీ మడత చెడకుండా ముంజేతులు పైకి మడిచి, మనల్ని చూసి ‘మీకు తెలుగు ఎలా వచ్చు?’ అని ఆశ్చర్యపోయాడు. ‘అమ్మ నేర్పింది’ అన్నావు నువ్వు. ఆయన జాలిపడి నీకు ఒక పవ్వ ఇప్పించాడు. ఆ తర్వాత నెల రోజులు తెలుగు రానివాడిలా నటించి ఎన్ని పవ్వలు సంపాదించావో నీ మనస్సాక్షికి తెలుసు.

అదే ఏడు శ్రావణంలో ఆ వాన. పొద్దున సైకిళ్ల మీద వంతెన దాటినప్పుడు నీళ్లు ఎంతో కిందున్నాయి. సాయంత్రం తిరిగి వచ్చేసరికి వంతెన కనిపించలేదు. అది ఉండాల్సిన చోట ఎర్రటి నీళ్లు, నీళ్ల మీద కొట్టుకుపోతున్న ఒక గడ్డివాము. అవతల కాగితపు మిల్లు దీపాలు కనిపిస్తున్నాయి, వెదురు ఉడికే ఆ వాసన గాలికి మన దాకా వస్తోంది, ఇల్లు మాత్రం ఎక్కడో దేశం అవతల ఉన్నట్టుంది. మళ్లీ బారుకే వెళ్లాం, ఇంకెక్కడికి వెళ్తాం? సేఠ్ జాలీ మూసేశాడు. పాక పక్కన గుడ్లు అమ్మే మౌశీ (పిన్నమ్మ అని మనం పిలిచే ఆమె) తన చూరు కింద చోటిచ్చింది. శ్రావణంలో మరాఠీ ఇళ్లలో చాలామంది గుడ్డు ముట్టరు కాబట్టి ఉడకబెట్టిన గుడ్లు గంపలో అలాగే ఉన్నాయి. కిరోసిన్ బుడ్డి వెలుగులో మౌశీ ఒక్కొక్కటే వలిచి, దారంతో రెండుగా కోసి, ఉప్పూ కారం అద్ది మోదుగాకు దొన్నెలో పెట్టేది. చాకు ఉండేది కాదు ఆమె దగ్గర. దారం ఒక కొస పంటి కింద, రెండో కొస చేతిలో. గుడ్డు మీద ఆ దారం గీత ఎంత సన్నగా పడేదంటే పచ్చసొన ఒక్క పొడి రాలేది కాదు. నేను నాలుగు తిని పడుకున్నాను. నువ్వు ఎన్ని తిన్నావో నాకు అప్పుడు తెలియదు.

దొన్నెలు వరదలోకి విసురుతూ, ఇవి వైనగంగలో కలిసి, ప్రాణహిత అయి, కాళేశ్వరం దగ్గర గోదావరిలో మునుగుతాయి, మనకంటే వాటికే ముందు పుణ్యం అన్నావు. మద్యం అమ్మకూడని వర్ధా జిల్లాకు పేరిచ్చిన నది ఒడ్డున కూర్చుని తాగుతూ పుణ్యం గురించి మాట్లాడటం నీకే చెల్లింది.

మర్నాడు నీళ్లు తీశాక వంతెన ఇవతల నాన్నలిద్దరూ ఒకే గొడుగు కింద నిలబడి ఉన్నారు. మనం జామాకులు నమిలి నమిలి నాలుక పచ్చగా చేసుకుని వచ్చాం. మా నాన్న నాలుగు అంటించాడు. మీ నాన్న మాత్రం నోరు వాసన చూడటానికి దగ్గరకు రాలేదు. దగ్గరకు వస్తే ఆయన నోటి వాసన మనకు తెలుస్తుందని.

1997లో అవతల నిషేధం సడలించారు, జీపులు ఆగిపోయాయి. నువ్వూ ఆ తర్వాతే వెళ్లిపోయావు. కాబట్టి ఇక్కడ జరిగిన రెండో అంకం నువ్వు చూడలేదు. గడ్చిరోలిలో 1993 నుంచే నిషేధం ఉంది కదా, మన జిల్లాలోనూ పెట్టాలని ఆడవాళ్లు పట్టుపట్టారు. 2010 డిసెంబరులో చిమూర్ నుంచి నాగపూర్ దాకా నడిచారు. ఆ ఫొటో మా ఆవిడ పేపర్లోంచి కత్తిరించి బీరువా తలుపు లోపల అంటించింది, ఇప్పటికీ ఉంది. 2015 ఏప్రిల్ 1 నుంచి చంద్రపూర్ జిల్లా అంతా బంద్. మన జాలీకి సీలు పడింది. అప్పుడు ఇక్కడివాళ్లు మోటారు సైకిళ్ల మీద వాంకిడి వైపు వెళ్లడం మొదలుపెట్టారు. ఒకప్పుడు అటువాళ్లు వచ్చిన దారే. ఆ తెల్లచొక్కా ఆయన కొడుకో, అల్లుడో అక్కడ మనవాళ్లను చూసి ‘మీకు తెలుగు ఎలా వచ్చు?’ అని అడిగే ఉంటాడు.

నవ్వుతున్నాను కానీ, ఒకటి దాచకుండా చెప్పాలి. మా వెనక వీధిలో ఒకామె భర్త జీతం రోజు రాత్రి ఇంటికి వచ్చేవాడు కాదు, వస్తే ఆ ఇంట్లోంచి కేకలు వినిపించేవి. నిషేధం వచ్చిన మొదటి వేసవిలో ఆ ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, ఊరు వెళ్లారేమో అనుకున్నాను. ఆ నిశ్శబ్దం నాలుగైదు నెలలు నిలిచింది. తర్వాత దొంగసరుకు మూడింతల ధరకు వీధిలోకే రావడం మొదలైంది, జీతం ఇంకా తొందరగా అయిపోయింది, కేకలు మళ్లీ మొదలయ్యాయి. 2021 మేలో నిషేధం ఎత్తేశారని టీవీలో చెప్పినప్పుడు నేను లోలోపల సంతోషించాను. మా ఆవిడ టీవీ కట్టేసి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ రాత్రి మేమిద్దరం దాని గురించి మాట్లాడుకోలేదు, ఇప్పటికీ మాట్లాడుకోలేదు.

సరే, మొన్నటి సంగతికి వస్తాను. జాలీ ఉంది, కంత ఉంది, ఉంగరం లేదు. సేఠ్ కొడుకట, చేతికి ఎర్రదారం ఉంది. పక్కన ఫోనుతో డబ్బు కట్టే చదరం అంటించారు. రంజన్ స్థానంలో కూలర్ క్యాను, దాని పక్కన ప్లాస్టిక్ గ్లాసుల దొంతర. ఇప్పుడు ఎవరూ వంగనక్కర్లేదు. నేను ఒక ఖాళీ బండ మీద కూర్చుని సైరను కోసం చూశాను. రాలేదు. వచ్చి వెళ్లిపోయిందేమో, నా చెవులకు వినపడలేదేమో, గ్లాసు కూడా చేతిలో లేదాయె.

మౌశీ మాత్రం చూరు కిందే ఉంది. మూసేసిన ఆ ఆరేళ్లూ బస్టాండులో పొద్దున పూట తర్రీ పోహా, అదే కారం పులుసు పోసిన అటుకులు, అమ్మిందట. జనం ఎక్కువే కానీ పోహా తినేవాడు తిని లేచిపోతాడు, కూర్చుని మాట్లాడడు అంది. ఒక చెవి పూర్తిగా పోయింది. నన్ను చూసి ఐదు నిమిషాలు పోల్చుకోలేదు. నేను తలకు చుట్టిన తువ్వాలు తీశాక, ఒక్కసారిగా ‘తో దుస్రా కుఠే?’ అంది. ఆ రెండోవాడు ఎక్కడ అని. హైదరాబాదులో ఉన్నాడు, మనవడు పుట్టాడు అని అరిచి చెప్పాను. అదంతా వినిపించుకోకుండా వేళ్లు మడిచి చూపించింది. వరద రాత్రి నేను పడుకున్నాక నువ్వు పదకొండు గుడ్లు తిన్నావట. పొద్దున ఇస్తానని అన్నావట. పొద్దున నీళ్లు తీశాయని సైకిలెక్కి పారిపోయావట.

అప్పటి ధర రూపాయిన్నర చొప్పున పదహారున్నర అవుతుందని లెక్క చెప్పి ఇరవై నోటు తీశాను. ఆమె దాన్ని తాకలేదు. దారం పళ్ల కింద పెట్టుకుని ఎదుటివాడి గుడ్డు రెండు ముక్కలు చేసి, ‘ఇవాళ గుడ్డు పది’ అంది. నూటపది ఇచ్చాను బావా. కొంగున ముడి వేసుకుని, వడ్డీ సంగతేమిటని అడిగింది. అది నువ్వే వచ్చి తేల్చుకోవాలని చెప్పాను.

నాలుగింటికి వెళ్తే ముద్ర మనిషి రాలేదు. మళ్లీ గురువారం రమ్మన్నారు. నువ్వు బుధవారం రాత్రి రైలెక్కితే సరిపోతుంది. స్టేషన్ గోడల నిండా ఇప్పుడు పులుల బొమ్మలు వేశారు, భయపడకు, నేను గేటు దగ్గరే ఉంటాను. నూటపది రూపాయలు చిల్లరగా తీసుకురా.

నీ
బావ

మరచిపోయాను: ఈ ఉత్తరం మా ఆవిడ చదివింది. వడ్డీ కింద మౌశీకి ఒక చీర తెమ్మంటోంది. రంగు నువ్వు ఎంచవద్దట, చెల్లెమ్మనే ఎంచమంది.