నాన్నగారికి, మీ మనవరాలి జీవశాస్త్రం చదువు గురించి

షెఫీల్డ్

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ ఇంగ్లండులో మేమంతా క్షేమం. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గుముఖం పట్టిందని తమ్ముడు చెప్పాడు, మనసు కుదుటపడింది. మొన్న ఫోనులో మీరు "మూడే సబ్జెక్టులతో రెండేళ్లు ఏం చదువుతారమ్మా, అందులో బోటనీ ఎంత, జువాలజీ ఎంత?" అని అడిగారు. ఇన్నేళ్లు ఇంటర్మీడియట్ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పిన మీకు పైపైన జవాబు చెబితే తృప్తిగా ఉండదని, తీరిక చేసుకుని రాస్తున్నాను.

ఇక్కడ బోటనీ, జువాలజీ అన్న విభజనే లేదు. పదహారేళ్లకు జీసీఎస్‌ఈ పరీక్షలు ముగిశాక పిల్లలు సాధారణంగా మూడు సబ్జెక్టులు ఎంచుకుని రెండేళ్లపాటు చదివేదే ఏ-లెవెల్. చిన్నది జీవశాస్త్రం, రసాయనశాస్త్రం, గణితం తీసుకుంది. మా రోజుల్లో బైపీసీలో చేరడమంటే లెక్కలకు స్వస్తి చెప్పడమే కదా. ఇక్కడ జీవశాస్త్రం పరీక్షలోనే కనీసం 10 శాతం మార్కులు గణిత నైపుణ్యానికి కేటాయించారు. కై-స్క్వేర్, టి-టెస్ట్ వంటి గణాంక పరీక్షల సూత్రాలను కంఠస్థం చేయనక్కరలేదు గానీ, చేతిలో ఉన్న లెక్కలకు ఏ పరీక్ష తగినదో, ఎందుకు తగినదో పిల్లలే చెప్పాలి. ఇది చాలా మంచి ఏర్పాటని నాకు గట్టిగా అనిపిస్తోంది. మొక్కల ఎత్తులు కొలిచిన పిల్లకు ఆ తేడా నిజమైనదా, యాదృచ్ఛికమా అని తేల్చుకునే సాధనం కూడా ఉండాలి కదా.

వాళ్ల బడి అనుసరించేది ఏక్యూఏ అనే బోర్డు పాఠ్యప్రణాళిక. అందులో జీవాణువుల నుంచి జన్యు వ్యక్తీకరణ నియంత్రణ దాకా ఎనిమిది విభాగాలు ఉన్నాయి. రెండో సంవత్సరం చివర రెండేసి గంటల పేపర్లు మూడు, మొత్తం 260 మార్కులు. మూడో పేపరులో 25 మార్కులకు ఒక వ్యాసం ఉంటుంది. విశాలమైన అంశాలు రెండు ఇచ్చి, ఒకటి ఎంచుకోమంటారు. దాని మీద ఏ ఒక్క అధ్యాయాన్నో అప్పజెప్పకుండా, రెండేళ్లలో చదివిన వేర్వేరు విభాగాల నుంచి ఉదాహరణలు తెచ్చి, వాటి మధ్య సంబంధాన్ని చూపించాలి.

ప్రయోగాల సంగతి మీకు ఎక్కువ ఆసక్తి కలిగిస్తుంది. తప్పనిసరిగా చేయవలసినవి 12 ఉన్నాయి. మన ప్రాక్టికల్ పరీక్షలో లాగా స్పాటర్లు, వైవా, బయటి నుంచి వచ్చే పరీక్షకుడు ఎవరూ లేరు. ఏడాది పొడవునా పిల్లలు పనిచేసే తీరు చూసి టీచరు సామర్థ్యాన్ని ధ్రువీకరిస్తారు, అది గ్రేడుకు కలవదు. కానీ రాతపరీక్షల్లో 15 శాతం మార్కులు ఈ ప్రయోగాల అవగాహన మీదే ఉంటాయి కాబట్టి, చేతులతో చేయకుండా పుస్తకం చూసి రికార్డు నింపిన పిల్లలు అక్కడ నిలబడలేరు.

వాటిలో బీట్‌రూట్ ప్రయోగం గురించి వివరంగా చెప్తాను. కార్క్ బోరరుతో బీట్‌రూట్‌ను ఒకే లావు కడ్డీలుగా తొలిచి, ఒకే పొడవు ముక్కలు కోసి, వాటిని నీళ్లతో బాగా కడిగి, వేర్వేరు ఉష్ణోగ్రతల నీటిలో ఒకే వ్యవధి ఉంచుతారు. వేడి పెరిగేకొద్దీ నీరు ఎరుపెక్కుతుంది, ఆ రంగు గాఢతను కలరీమీటరుతో కొలుస్తారు. పని ఇంతే, కానీ ప్రశ్నలు ఇక్కడే మొదలవుతాయి. ముక్కలను ముందు ఎందుకు కడగాలి? కోసినప్పుడు తెగిన కణాల నుంచి కారిన రంగు లెక్కలోకి రాకూడదు కాబట్టి. ముక్కలన్నీ ఒకే పరిమాణంలో ఎందుకుండాలి? ఉపరితల వైశాల్యం మారితే, వచ్చిన తేడా వేడి వల్లనా పరిమాణం వల్లనా అన్నది తేలదు కాబట్టి. "వేడికి కణత్వచం పాడైంది" అని రాస్తే మార్కు రాదు. ఫాస్ఫోలిపిడ్‌ల కదలిక పెరిగి త్వచం పారగమ్యత ఎక్కువైందనీ, త్వచంలోని ప్రోటీన్ల ఆకృతి చెడిందనీ, అందువల్ల కణం లోపలి రిక్తిక (వాక్యూల్)లోని వర్ణకం బయటికి వ్యాపించిందనీ వరుస తప్పకుండా చెప్పాలి.

మొక్కలో ఆహారాన్ని మోసే పోషక కణజాలం (ఫ్లోయం) పాఠం కూడా ఇదే పద్ధతిలో సాగింది. ఆకులో తయారైన చక్కెర పీడన భేదం వల్ల కిందికి ప్రవహిస్తుందన్న సిద్ధాంతాన్ని నేను మీ దగ్గర నిర్ధారిత సత్యంగా నేర్చుకున్నాను. ఇక్కడ దాన్ని ఒక ప్రతిపాదనగా పిల్లల ముందు పెట్టి, అనుకూలమైన ఆధారాలేవి, ప్రతికూలమైనవేవి అని అడుగుతారు. కాండం చుట్టూ బెరడు వలిచేస్తే పై భాగం ఉబ్బడం, పేనుబంక తొండాన్ని కత్తిరిస్తే అందులోంచి రసం దానంతటదే ఊరడం సిద్ధాంతానికి అనుకూలం. ఆ రసం పారే చాలనీ నాళాల్లో అడ్డంగా ఉండే జల్లెడ లాంటి చాలనీ ఫలకాలు, అన్ని పదార్థాలూ ఒకే వేగంతో కదలకపోవడం ప్రతికూలం. కాలేజీ ఆవరణలో జామకొమ్మకు మీరు బెరడు వలిచి చూపించిన ప్రయోగం గురించి చిన్నదానికి చెప్పాను. మరుసటి రోజు దాన్ని తరగతిలో ఎంతో గర్వంగా వినిపించిందట.

కణాలకు శక్తినిచ్చే ఏటీపీ పాఠం వచ్చినప్పుడు మన ఊసు నేనే ఎత్తాను. కండరాల్లో ఆ పదార్థాన్ని 1929లో హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి గుర్తించిన యెల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో మన భీమవరంలోనే పుట్టారని, ఏటీపీని అదే 1929లో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా కనుగొన్నారని చెప్పాను. దాని పాఠ్యపుస్తకంలో వీళ్ల పేర్లు లేవు. మరో సంగతి, శ్వాసక్రియ అధ్యాయంలోని క్రెబ్స్ వలయాన్ని హాన్స్ క్రెబ్స్ 1937లో రూపొందించింది మేముండే ఈ షెఫీల్డ్ విశ్వవిద్యాలయంలోనే. భీమవరంలో పుట్టినాయనా ఈ ఊళ్లో పనిచేసినాయనా ఒకే అధ్యాయంలో కలుసుకోవడం దానికి ఎంత నచ్చిందో చెప్పలేను.

డాక్టరు చదువు సంగతి కూడా మీరు అడిగారు. ఇక్కడ చాలా వైద్య కళాశాలలు ఏ-లెవెల్‌లో రసాయనశాస్త్రం అడుగుతాయి, జీవశాస్త్రం అడిగేవీ చాలానే ఉన్నాయి. యూక్యాట్ అనే ప్రవేశ పరీక్ష విడిగా రాయాలి. ఆ దారిలో వెళ్లాలా వద్దా అన్నది అది ఇంకా తేల్చుకోలేదు. నేను తొందరపెట్టడం లేదు, మీరూ పెట్టకండి.

ఇక లోటు సంగతి. ఈ పాఠ్యప్రణాళికలో మొక్కల కుటుంబాలు లేవు, పువ్వు నిర్మాణాన్ని గుర్తులతో రాసే పుష్పసూత్రాలు లేవు. క్వాడ్రాట్ అనే చదరపు చట్రం పరిచి గడ్డినేలలో మొక్కలను లెక్కించి, జీవవైవిధ్య సూచిక కట్టే ప్రయోగం చేసి వచ్చిన రోజున దాని నోటుపుస్తకం చూశాను. గుణకారం, భాగహారం అన్నీ సరిగ్గా ఉన్నాయి, కానీ మొక్కల పేర్ల చోట జాతి-1, జాతి-2 అని రాసుకుంది. అందులో ఒకటి క్లోవర్. వేరు బుడిపెల్లో రైజోబియం నత్రజనిని ఎలా స్థాపిస్తుందో పరీక్షలో పూర్తిగా రాయగల పిల్లకు, తన కాళ్ల కింద ఉన్న ఆ మొక్క మన కంది, వేరుశనగల కుటుంబానిదేనని తెలియదు. తమ్ముడి కొడుకు నీట్ కోసం 180 ప్రశ్నల్లో 90 జీవశాస్త్రానివే కదా అని పేర్లన్నీ అప్పజెబుతుంటే, ఇదెందుకు అంత బట్టీ అని నేను లోగడ అనుకునేదాన్ని. ఇప్పుడు అలా అనను. ఒక మొక్కను చూసి పేరుతో పలకరించగలగడం కూడా జ్ఞానమే, అది ఆధారాలతో వాదించడానికి అడ్డు రాదు.

కాబట్టి మిమ్మల్ని ఒకటి కోరుతున్నాను. ఆదివారాలు మీకు వీలైన వేళ వీడియో కాల్‌లో దానికి కుటుంబాలు చెప్పండి. కంది, క్లోవర్‌ల కుటుంబమైన ఫాబేసీతో మొదలుపెడితే బాగుంటుంది, ఇక్కడి క్లోవర్ పువ్వును అది చేతిలో పట్టుకుని కూర్చుంటుంది. ఎండబెట్టిన మొక్కలు అతికించిన మీ పాత హెర్బేరియం షీట్లను తమ్ముడి చేత ఫోటోలు తీయించి పంపండి, ముఖ్యంగా లేబుళ్ల మీద ఊరి పేరు, తేదీ స్పష్టంగా కనబడేలా. డిసెంబరు సెలవుల్లో మేము వస్తున్నాం. పొలం గట్ల మీద దాన్ని వెంటబెట్టుకుని తిప్పడానికి రెండు పూటలు ఖాళీగా ఉంచుకోండి. అమ్మకు నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు.

ఇట్లు,
మీ అమ్మాయి