మా హైస్కూల్లో ఈ-స్పోర్ట్స్ జట్టు పెట్టనివ్వండి

సంపాదకుడు గారికి,

పోయిన నెల కావలి దగ్గర మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో తల్లిదండ్రుల సమావేశం జరిగింది. మనవడు అక్కడే తొమ్మిదో తరగతి చదువుతున్నాడు కాబట్టి నేనూ వెళ్లాను. కంప్యూటరు పాఠాలు చెప్పే కుర్ర మాస్టారు లేచి, బడి తరఫున ఈ-స్పోర్ట్స్, అంటే పోటీపడి ఆడే వీడియో గేమ్‌ల, జట్టు కడదామని, వారానికి మూడు సాయంత్రాలు ప్రాక్టీసు పెడదామని అన్నాడు. మాట పూర్తి కాకముందే గోల మొదలైంది. "పిల్లోళ్ల చేతిలో ఫోన్లు లాక్కోలేక మేం చస్తుంటే, మీరు బళ్లోనే ఆడిస్తారా?" అని ఒకామె గట్టిగానే అడిగింది. మాస్టారు గమ్మున కూర్చున్నాడు. హెడ్మాస్టరు మధ్యాహ్న భోజనం గుడ్ల సంగతి ఎత్తుకున్నారు.

నేను ముప్పై ఒక్క ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాను. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ తప్ప వేరే లోకం ఎరగనివాణ్ణి. అలాంటివాడు ఈ జట్టు కావాలంటే మతి పోయిందంటారు. మా ఇంట్లో ఇప్పటికే అంటున్నారు.

ఆ తల్లి కోపంలో అన్యాయం లేదు. మా ఇంట్లోనూ అదే బాధ. మనవడు దుప్పటి ముసుగేసుకుని రాత్రి ఒంటిగంట దాకా ఫ్రీఫైర్ అనే తుపాకుల ఆట ఆడేవాడు. వాళ్లమ్మ ఫోన్లో యూపీఐ పిన్ చూసిపెట్టుకుని ఆ ఆటలో నాణేల్లాంటి డైమండ్లు కొన్నాడు. యాభైకీ నూటికీ కొంటూ పోయి నాలుగు వేలు దాటాక బ్యాంకు మెసేజీలతో బయటపడ్డాడు. ఫోన్ లాక్కున్నాం. పక్కింటివాడి ఫోన్లో ఆడాడు. నేను రిటైరయ్యే ముందు, 2022 డిసెంబరులో, ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు పాఠాల ట్యాబులు లాకు వేసి మరీ ఇచ్చింది. మా బళ్లో కొందరు నెల తిరక్కుండానే ఆ లాకు తీసి ఆటలు ఎక్కించుకున్నారు. తాళాలతో అయ్యే పని కాదని నాకు అప్పుడే తెలియాల్సింది.

చివరికి ఒక వారం వాడి పక్కనే కూర్చుని ఆట చూశాను. నలుగురు ఒక స్క్వాడ్. ఒకడు ఎటు వెళ్లాలో చెబుతాడు, మిగతా ముగ్గురూ వినరు. ఓడిపోతారు. చెవులు మూసుకోవాల్సిన బూతులు తిట్టుకుంటారు. ఎందుకు ఓడామని అర నిమిషం ఆలోచించకుండా మళ్లీ మొదలుపెడతారు. నాకు మా పేటలో కబడ్డీ ఆడే కుర్రాళ్లు గుర్తొచ్చారు. బలం ఉంటుంది, పట్టు తెలియదు. కూత ఆపి అవుటైనా ఒప్పుకోరు, కొట్టుకుంటారు. వాళ్లనే తెచ్చి గీత గీసి, విజిలు చేతబట్టుకుని, ఓడినప్పుడు చేయి కలిపి రమ్మంటే ఆరు నెలల్లో జట్టయ్యేవారు. మనవడి ఆటలో కోచ్ లేడు, రెఫరీ లేడు, ఆట ముగిసిందని చెప్పే గంట లేదు. బడి ఇవ్వగలిగింది ఈ మూడే.

ఆన్‌లైన్ గేమ్ అనగానే మనకు రమ్మీలో అప్పులపాలైన ఎవరో ఒకరు కళ్లముందుకొస్తారు. ఆ రమ్మీ, పోకర్‌లను మన రాష్ట్రం 2020 సెప్టెంబరులోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు తెచ్చిన చట్టం డబ్బు కాసే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతటా నిషేధించి, నడిపేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా అంది. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ను వాటినుంచి విడదీసి, నైపుణ్యంతో గెలిచే పోటీగా గుర్తించింది. అంతకుముందే 2022 డిసెంబరులో కేంద్రం దీన్ని క్రీడల శాఖ కిందికి తెచ్చింది. 2023లో చైనాలోని హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఈ ఆటలకు పతకాలిచ్చారు. 2026లో జపాన్‌లోని ఐచి-నగోయా ఆసియా క్రీడల జాబితాలోనూ ఇవి ఉన్నాయి. హాంగ్‌జౌలో స్వర్ణం గెలిచిన దక్షిణ కొరియా కుర్రాళ్లకు అక్కడ మగవాళ్లందరూ చేయాల్సిన సైనిక సేవ నుంచి మినహాయింపు దొరికింది.

ఇది అసలు క్రీడేనా అని నన్నడిగితే, ఆ వాదన నాకు పట్టదు. చెమట పట్టని చదరంగాన్ని స్కూల్ గేమ్స్‌కి ఎన్నోసార్లు తీసుకెళ్లాను. ఆ చదరంగాన్నే 2025లో రియాద్‌లో జరిగిన ఈ-స్పోర్ట్స్ వరల్డ్ కప్‌లో పెడితే, మన తెలుగు కుర్రాడు, వరంగల్ అర్జున్ ఇరిగేశి నాలుగో స్థానంలో నిలిచాడు.

తుపాకుల సంగతేంటి అంటారు. నాకూ ఇష్టం లేదు. హాంగ్‌జౌలో పబ్‌జీ అనే కాల్పుల ఆట పెట్టినప్పుడు కూడా ఆటగాళ్లు ఒకరినొకరు కాల్చుకోవడం తీసేసి, గురిబోర్డులు కొట్టేలా ఆటను మార్చారు. ఆసియా క్రీడలకే అక్కర్లేనిది మా బడికెందుకు? చదరంగం, ఫుట్‌బాల్ గేమ్‌లతో మొదలుపెట్టవచ్చు. పాత కంప్యూటర్లకు ఆన్‌లైన్ చదరంగం బరువు కాదు.

నాకు అసలు భయం ఇంకోటుంది, దాని గురించి సమావేశంలో ఎవరూ మాట్లాడలేదు. కబడ్డీకి యజమాని లేడు. ఈ ఆటల్లో ప్రతిదానికీ ఒక కంపెనీ యజమాని. రూల్సు వాడివే, రాత్రికి రాత్రి మార్చేదీ వాడే. 2020 సెప్టెంబరులో పబ్‌జీని ప్రభుత్వం నిషేధించింది. దాని బదులు 2021లో వచ్చిన బీజీఎంఐ 2022 జులైలో ప్లేస్టోర్ నుంచి మాయమై, 2023 మేలో తిరిగొచ్చింది. ఆ ఒక్క ఆటనే నమ్ముకుని జట్టు కట్టి ఉంటే ఆ పది నెలలు పిల్లలు ఏం చేయాలి? కాబట్టి జట్టు బడి పేరు మీద ఉండాలి గానీ ఆట పేరు మీద కాదు. జెర్సీలు ఇస్తాం, ఫీజు కట్టించండి, లీగ్ మేమే నడుపుతామంటూ వచ్చేవాళ్లను గేటు దగ్గరే ఆపాలి. డైమండ్లు, స్కిన్లు (ఆటలో బొమ్మలకు వేసే వేషాలు) కొనాల్సిన ఆట ఏదీ బడిలోకి రాకూడదు. ఫోన్లూ వద్దు. బడి కంప్యూటరు, వైరు పెట్టిన నెట్టు, గోడ గడియారం చాలు.

ఇందులో ఒక సౌకర్యం నాకు ఆలస్యంగా తట్టింది. ఉదయగిరి వైపు బడి నుంచి నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియానికి పిల్లల్ని తీసుకురావడమంటే ఏంటో మా డ్రిల్లు మాస్టార్లకే తెలుసు. బస్సు చార్జీలు, భోజనాలు, ఒక్కోసారి రాత్రి బస, సగం ఖర్చు మన జేబులోంచే. ఆడపిల్లలైతే "రాత్రికి తిరిగొస్తారా మాస్టారూ?" అన్న ఒక్క ప్రశ్నతో మంచి ప్లేయర్లు ఆగిపోయేవారు. నా సర్వీసులో వాలీబాల్ జట్టు నుంచి అలా ఎంతమంది పోయారో లెక్కపెట్టుకోవడం మానేశాను. ఈ ఆటలో మా బడి పిల్లలు మా గదిలో కూర్చుని, కనిగిరి బడి పిల్లలతో ఆడొచ్చు. రెండు చోట్లా ఒక్కో టీచరు కూర్చుంటే సరిపోతుంది. ఆడపిల్లలు, మగపిల్లలు ఒకే జట్టులో ఆడొచ్చు.

ఉద్యోగం వస్తుందా అని కొందరు అడిగారు. రాదు. నా దగ్గర కబడ్డీ ఆడిన వందలమందిలో దానివల్ల పోలీసు ఉద్యోగం వచ్చినవాళ్లు ముగ్గురు. మిగతావాళ్లు ఆడుకున్నారు, అంతే. ఈ జట్టును కెరీర్ అని ఆశపెట్టి అమ్మితే మొదట వ్యతిరేకించేది నేనే.

షరతులు మాత్రం ఉండాల్సిందే. ప్రాక్టీసుకు ముందు అరగంట గ్రౌండులో పరుగు తీయాలి. తీయనివాడికి ఆ రోజు కంప్యూటరు లేదు. గంటకు మించి కూర్చోకూడదు. ఇంట్లో రాత్రి పదయ్యాక ఆడుతున్నాడని తల్లి చెబితే ఆ వారం జట్టులో చోటు లేదు. పదో తరగతి పిల్లలకు సంక్రాంతి తర్వాత సెలవు. బూతు మాట్లాడితే బయటికి. ఆటల వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో చేర్చింది. పిల్లవాడిలో ఆ లక్షణాలు కనిపిస్తే జట్టు మందు కాదు, డాక్టరు దగ్గరికి పంపాలి.

ఇక డబ్బు. కొత్త కంప్యూటర్లు కొనమని జిల్లా విద్యాశాఖను అడగడం లేదు. బళ్లో పన్నెండు ఉన్నాయి, తొమ్మిది పనిచేస్తాయి. యూపీఎస్ బ్యాటరీలు మార్చడానికి పూర్వ విద్యార్థులు ముందుకొచ్చారు. పరుగు తీయించడానికి నేను జీతం లేకుండా వస్తాను. కావాల్సిందల్లా ఒక అనుమతి కాగితం. నాలుగు గంటలకే ఆఫీసులోకి పోయే కంప్యూటరు గది తాళంచెవి, వారానికి మూడు రోజులు ఐదున్నర దాకా ఆ కుర్ర మాస్టారి దగ్గర ఉండనివ్వాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు,
కావలి, నెల్లూరు జిల్లా