సభా హక్కులకు చట్టం ఎప్పుడు?

సంపాదకుడు గారికి,

పార్లమెంటులో ఎంపీ ఏం మాట్లాడినా, ఎటు ఓటేసినా కోర్టుకు లాగడానికి వీల్లేదని రాజ్యాంగం 105వ అధికరణ చెబుతోంది. ఈ రక్షణ ఉండాల్సిందే. కేసుల టెన్షన్ పెట్టుకుని మంత్రిని నిలదీసేదెవరు? నా అభ్యంతరమల్లా అందులోని మూడో క్లాజు మీదే. సభ మిగతా హక్కులేమిటో (తనను కించపరిచినవారిని శిక్షించే అధికారం లాంటివి) పార్లమెంటు చట్టం చేసి చెప్పాలి, అప్పటిదాకా బ్రిటన్ పార్లమెంటు దిగువ సభ కామన్స్‌కున్నవే వర్తిస్తాయని 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగంలో రాసుకున్నాం. 1978లో 44వ సవరణతో బ్రిటన్ ప్రస్తావన తీసేశారు. హక్కులు పాతవే ఉన్నాయి. ఆ చట్టం మాత్రం ఇప్పటికీ రాలేదు.

1993లో పి.వి. నరసింహారావు ప్రభుత్వంపై అవిశ్వాస తీర్మానం వచ్చినప్పుడు కొందరు ఎంపీలు డబ్బు పుచ్చుకున్నారని కేసు నడిచింది. 1998లో సుప్రీంకోర్టు 3-2 మెజారిటీతో ఏం తేల్చిందో చూడండి: డబ్బు తీసుకుని ఓటేసినవారికి 105 రక్షణ ఉంటుందట, తీసుకుని ఓటేయని ఎంపీకి ఉండదట! లంచం చేతికందడంతోనే నేరం పూర్తవుతుంది, ఓటేశారా లేదా అన్నది అనవసరమని ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం జార్ఖండ్ ఎమ్మెల్యేగా ఉండగా లంచం ఆరోపణ ఎదుర్కొన్న సీతా సోరెన్ కేసులో చెప్పేసరికి 2024 మార్చి వచ్చింది. ఈ 26 ఏళ్లలో ఏ లోక్‌సభా ఆ తప్పు దిద్దడానికి పూనుకోలేదు.

పత్రికలకూ ఇది సొంత గొడవే. శాసన మండలి వార్తకు 'పెద్దల గలభా' అని శీర్షిక పెట్టినందుకు 1983లో ఈనాడు సంపాదకుడు రామోజీరావుపై హక్కుల ఉల్లంఘన మోపారు. అరెస్టు దాకా వెళ్లిన ఆ వ్యవహారం సుప్రీంకోర్టు స్టే ఇస్తే ఆగింది. రాష్ట్రాల సభలకు వర్తించే 194వ అధికరణ కూడా ఇదే తీరు. ఏ మాట ఉల్లంఘనో ముందుగా ఎక్కడా రాసి ఉండదు. ఫిర్యాదు చేసేదీ, విచారించేదీ, శిక్ష వేసేదీ సభే.

అనర్హతలు మాత్రం స్పష్టంగా రాసుకున్నాం కదా. లాభదాయక పదవిలో ఉన్నా, దివాలా తీసినా 102వ అధికరణ కింద సభ్యత్వం పోతుంది. రెండేళ్ల జైలు శిక్ష పడితే ప్రజాప్రాతినిధ్య చట్టం ఉంది. హక్కులు రాయడానికే ఎందుకింత జంకు?

మన రెండు రాష్ట్రాల నుంచి లోక్‌సభలో 42 మంది ఉన్నారు. వచ్చే సమావేశాల్లో ఒక్కరైనా ప్రైవేటు మెంబరు బిల్లు (మంత్రి కాని సభ్యుడు సొంతంగా పెట్టే బిల్లు) పెట్టాలి. ఏది ఉల్లంఘన, గరిష్ఠ శిక్ష ఎంత, ఆరోపణ ఎదుర్కొనే పౌరుడు లాయరును పెట్టుకోవచ్చా, ఈ మూడూ అందులో ఉండాలి.

– ఒక రిటైర్డ్ సివిక్స్ లెక్చరర్, తెనాలి