కొవ్వాడ వాల్వుల టెస్టు లెక్కలు జనానికి చూపిస్తరా?

సంపాదకుడి గారికి,

శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో పెట్టాలనుకుంటున్న అణు కరెంటు ప్లాంటు గురించి పేపర్లో వచ్చే వార్తలన్నీ భూములు, నష్టపరిహారం, మెగావాట్లు, వీటి చుట్టూనే తిరుగుతున్నయి. ఊరు వదిలి పోయేవాళ్ల బాధ చిన్నదేం కాదు, అది రాయాల్సిందే. కానీ ఒక్కోటి 1208 మెగావాట్ల చొప్పున 6 రియాక్టర్లు పెడతామంటున్న చోట ఇంకో మాట కూడా ఎవరో ఒకరు అడగాలి కదా. రియాక్టర్ బిల్డింగు గోడ దాటి బయటికొచ్చే పైపుల మీద వాల్వులు ఉంటయి, ప్రమాదం వస్తే అవి నిజంగా మూసుకుంటయా, మూసుకున్నాక లీకు లేకుండా పట్టి ఉంచుతయా, ఇది ఎవరు చెక్ చేస్తరు, ఆ లెక్క మనకి ఎవరు చూపిస్తరు?

అణు కరెంటు అంటేనే ఉలిక్కిపడే మనిషిని కాను. మేముండే కుషాయిగూడ పక్కనే ఈసీఐఎల్, ఎన్ఎఫ్‌సీ. దేశంలో చాలా రియాక్టర్లకి ఫ్యూయల్ బండిల్సు తయారయ్యేది ఇక్కడే, కంట్రోల్ సిస్టమ్సు కూడా, మా గల్లీలో సగం ఇళ్లు ఆ జీతాల మీదే లేచినయి. నేను మాత్రం చర్లపల్లి వైపు ఒక వాల్వుల కంపెనీలో క్యూసీ, అంటే సరుకు నాణ్యత చెక్ చేసే పని, చేసి రిటైర్ అయినా. మావి రిఫైనరీలకి, బొగ్గు పవర్ స్టేషన్లకి పోయే వాల్వులు, అణు ప్లాంటువి కావు, కానీ వాల్వు ఎక్కడున్నా వాల్వే.

రియాక్టర్ చుట్టూ ఉండే ఆ మందపాటి గోడని కంటైన్‌మెంట్ అంటరు. లోపల ఏదన్నా పగిలి రేడియేషన్ ఉన్న ఆవిరి, నీళ్లు వచ్చినా బయటికి పోకుండా ఆపేది అదే. కానీ గోడ అన్నాక పైపులు దాటక తప్పదు, అందుకే మామూలుగా ఒక్కో పైపుకి గోడ లోపల ఒకటి, బయట ఒకటి వాల్వు పెడతరు, సిగ్నల్ రాగానే వాటంతటవే మూసుకోవాలి, ఒకటి మొరాయిస్తే రెండోది ఉంటదని లెక్క. కొవ్వాడకి అనుకుంటున్న ఏపీ1000 అనే అమెరికా రియాక్టర్ మోడల్లో ఇలా గోడ దాటే పైపులు పాత రియాక్టర్ల కన్నా తక్కువ, అది మంచిదే. తక్కువ ఉన్నయి కదా అని టెస్టు వదిలేయలేం.

కంట్రోల్ రూములో లైట్ వెలిగింది కాబట్టి వాల్వు మూసుకుంది అనుకోవడం ఎంత ప్రమాదమో 1979 మార్చి 28న అమెరికాలో త్రీ మైల్ ఐలాండ్ ప్లాంటులో తేలింది. అక్కడ ప్రెషర్ ఎక్కువైతే వదిలే రిలీఫ్ వాల్వు తెరుచుకుని అట్లనే ఇరుక్కుపోయింది, ప్యానల్ మీద లైట్ మాత్రం మూయమని కరెంటు సిగ్నల్ పోయిందా లేదా అన్నదే చూపిస్తది, వాల్వు నిజంగా ఎక్కడుందో చూపించదు. రెండు గంటల పైన నీళ్లు పోతూనే ఉన్నయి, ఆపరేటర్లకి అర్థం కాలేదు. పైగా కంటైన్‌మెంట్ దానంతటది మూసుకునే సిగ్నల్ బిల్డింగులో ప్రెషర్ పెరిగితేనే వచ్చేట్టు పెట్టారు, ఆ ప్రెషర్ చాలాసేపు పెరగలేదు, ఈలోపల అడుగున చేరిన నీళ్లు పంపులతో పక్క బిల్డింగులోకి పోయినయి.

1985లో ఒహాయోలోని డేవిస్-బెస్సీలో ఇంకో రకం. రియాక్టర్ చల్లబరిచే నీళ్ల లైన్లో రెండు మోటార్ వాల్వులు పొరపాటున మూసుకున్నయి, మళ్లీ తెరవమంటే తెరుచుకోలేదు, మోటారు ఎంత బలం పెట్టాక ఆగాలో చూసే టార్క్ స్విచ్ సెట్టింగు తప్పు. మనుషులు పరిగెత్తి పోయి చేత్తో తిప్పి తెరిచారు. మామూలు టెస్టులో ప్రెషర్ లేనప్పుడు హాయిగా తిరిగే వాల్వు ఒకవైపు ప్రెషర్ నెట్టుతుంటే తిరగకపోవచ్చు, దీన్నే చూసి చూపించమని అక్కడి రెగ్యులేటర్ 1989లో ప్లాంట్లన్నిటికీ లెటర్లు పంపింది.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. మా షాపులో సీటు (వాల్వు మూసుకున్నప్పుడు మూత ఆనే చోటు) లీకు టెస్టు ఇట్ల ఉండేది: వాల్వు మూసి ఒకవైపు గాలి ప్రెషర్ ఎక్కిస్తం, రెండోవైపు నుంచి సన్న ట్యూబు తీసి నీళ్లల్లో ముంచి బుడగలు లెక్కపెడతం. బుడగలు ఆగకపోతే వాల్వు పాస్ అవుతోంది అంటం, అంటే టెస్టు పాసని కాదు, లీకవుతోందని. నెలాఖరు డిస్పాచ్ ఒత్తిడిలో మా సారు ఏం చేసేవాడంటే, ముందే వాల్వుని నాలుగైదు సార్లు తెరిచి మూసి, సీటు తుడిపించి, గ్రీజు పెట్టించి, బుడగలు ఆగినయని చూసుకున్నాకే కస్టమర్ ఇన్‌స్పెక్టర్ని చాయ్ తాగుతున్న చోటు నుంచి పిలిచేవాడు. కొత్త వాల్వుకి ఇదేదో నడుస్తది అనుకుందాం. కానీ ఏడాదో రెండేళ్లో ప్లాంటులో పనిచేసిన వాల్వుని ఇట్లనే తుడిచి టెస్టు చేస్తే అది ఇన్నాళ్లు ఏ కండిషన్‌లో ఉందో ఎప్పటికీ తెలియదు. నిన్న రాత్రి ప్రమాదం జరిగుంటే అది పట్టి ఉంచేదా? ఆ జవాబు రిపేరుకి ముందు తీసిన రీడింగులోనే ఉంటది, రిపేరు అయ్యాక తీసిందాంట్లో ఉండదు. అందుకే షట్‌డౌన్‌లో చెయ్యి పెట్టకముందే లీకు కొలవాలి, రిపేరు తర్వాత మళ్లీ కొలవాలి, రెండు అంకెలూ రాయాలి.

మనవాళ్లకి చేతకాదని నేననను. 2013లో కూడంకుళం మొదటి యూనిట్ స్టార్ట్ చేసేముందు వేల వాల్వులు టెస్టు చేస్తే ఒక రకం వాల్వుల్లో నాలుగు సరిగ్గా పనిచేయట్లేదని తేలింది, పార్టులు మార్చమని అణు భద్రత చూసే మన రెగ్యులేటర్ ఏఈఆర్‌బీ చెప్పింది, ఆ మాట జనానికీ చెప్పింది. నాలుగే కదా అని నవ్వినోళ్లూ ఉన్నారు. నాకైతే అది టెస్టు నిజంగా చేశారనడానికి సాక్ష్యం, ఒక్క వాల్వూ ఫెయిల్ కాలేదని ఎవరన్నా చెప్తేనే నాకు అనుమానం.

ఏఈఆర్‌బీ ఏటా రిపోర్టు ఇస్తది, వెబ్‌సైట్లో పెడతది, కాదనను. కానీ నేను చూసినంతలో ఏ లైన్లో వాల్వు లిమిట్ దాటి లీకైంది, రిపేరుకి ముందెంత తర్వాతెంత అన్న లెక్క అందులో కనపడలేదు. అమెరికాలో లీకు లిమిట్ దాటి కంటైన్‌మెంట్ దెబ్బతినే పరిస్థితి వస్తే ప్లాంటు వాళ్లు 60 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి, దాన్ని ఎవరైనా తీసి చదవొచ్చు. వాళ్ల రియాక్టర్ తెచ్చుకుంటున్నప్పుడు ఆ పద్ధతి కూడా తెచ్చుకోడానికి ఇబ్బందేంటి? డిజైన్ రహస్యాలేం అడగట్లేదు, వాల్వు నంబరు, తేదీ, లిమిట్ ఎంత, లీకు ఎంత, ఇంతే. ప్రైవేటు కంపెనీలకి కూడా ఈ రంగంలో దారి తెరుస్తూ 2025 డిసెంబరులో పార్లమెంటు బిల్లు పాస్ చేసింది, అంటే రేపు ప్లాంటు నడిపేవాడికి షట్‌డౌన్ ఒక్కరోజు పెరిగినా నష్టమే, మా సారు లాంటోళ్లు అక్కడా ఉంటరు. టెస్టు దగ్గర నిలబడే మనిషి ఆ ప్లాంటు జీతం తీసుకునేవాడు కాకూడదు.

కొవ్వాడ మీద అధికారులు ప్రెస్ మీట్ పెట్టినప్పుడు మీ విలేకరి ఈ రెండు రీడింగుల సంగతి ఒకసారి అడిగితే బాగుంటది, ఏం జవాబిచ్చారో ఉన్నదున్నట్టు వేయండి.

— రిటైర్డ్ క్యూసీ ఇన్‌స్పెక్టర్, కుషాయిగూడ, హైదరాబాద్