చివరి పేజీ

గుంటూరు,
ఆదివారం.

అమ్మలూ,

లాయరుగా సింగపూర్ ఆఫీసులో చేరుతున్నానని నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను సరిగ్గా మాట్లాడలేకపోయాను. నాన్నకి ఇష్టం లేదేమోనని అమ్మతో అన్నావట. అదేం లేదురా. దేశాలు దాటిన వ్యాపార తగాదాలను కోర్టు బయట మధ్యవర్తులతో తేల్చుకునే ఇంటర్నేషనల్ ఆర్బిట్రేషన్ అన్న మాట వినగానే నాకో పాత ఫైలు గుర్తొచ్చింది. ఆ సంగతి నీకెప్పుడూ చెప్పలేదు.

అప్పుడు నువ్వు ఏడో తరగతి. మిర్చి యార్డు నుంచి ఒకాయన నా దగ్గరికి వచ్చాడు. రెండు కంటెయినర్ల తేజ రకం మలేషియాకు పంపాడు. అక్కడ పరీక్షలో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఎక్కువ వచ్చిందని కొన్నవాళ్ళు డబ్బు ఆపేశారు. తడి తగలకుండా పాలిథీన్ కవర్లో చుట్టి తెచ్చిన కాగితాలన్నీ నా బల్ల మీద పరిచాడు. వాటిలో ఎనిమిది పేజీల కాంట్రాక్టు ఉంది. ధర, బరువు, నాణ్యత ఉన్న పేజీలు రెండేసి సార్లు చదివాను. చివరి పేజీలో ఎప్పుడూ ఉండే మాటలే కదా అని తిప్పేశాను. వారం తిరక్కుండా దావా వేశాను.

అవతలి లాయరు దావాకి జవాబు కూడా వేయకుండా సెక్షన్ 45 కింద పిటిషన్ పెట్టాడు. ఆ చివరి పేజీలో 14వ క్లాజు ఉంది. తగాదా వస్తే ఆర్బిట్రేషన్‌కి వెళ్ళాలి, సీటు సింగపూర్, అంటే ఆ ఆర్బిట్రేషన్ మీద అజమాయిషీ అక్కడి కోర్టులదే. అలాంటి ఒప్పందం చెల్లుబాటులో ఉంటే మన కోర్టు పార్టీలను అక్కడికే పంపాలి. 1996 ఆర్బిట్రేషన్ చట్టంలో ఆ సెక్షన్ చెప్పేది అదే. నేను తప్పు ఒప్పుకోకుండా వాదించాను. వాయిదాల్లో మూడేళ్ళు పోయాయి, చివరికి పిటిషన్ వాళ్ళదే నెగ్గింది. అప్పటికి ఆయనకి సింగపూర్‌లో లాయరును పెట్టుకునే శక్తి లేదు. రూపాయికి పావలా చొప్పున రాజీ పడ్డాడు. ఫైలు తీసుకెళ్తూ, "మీరేం చేస్తారండీ, నా టైం బాలేదు" అన్నాడు. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

ఆ తర్వాతే నేను నీ సబ్జెక్టు చదవడం మొదలుపెట్టాను. ఎంత బలమైన దారో అప్పుడు తెలిసింది. మన కోర్టు డిక్రీ పట్టుకుని ఇంకో దేశంలో వసూలు చేసుకోవడం చాలాచోట్ల పెద్ద తతంగం. అదే ఆర్బిట్రేటర్లు ఇచ్చే తీర్పు, అంటే అవార్డయితే, 1958 న్యూయార్క్ కన్వెన్షన్ అనే అంతర్జాతీయ ఒప్పందంలో చేరిన 170కి పైగా దేశాల్లో అమలు కోరవచ్చు. మన దేశం 1960లోనే చేరింది. అయితే ఆర్బిట్రేటర్లు పొరపాటు పడితే దిద్దుకునే అవకాశం చాలా తక్కువ. సీటు ఉన్న దేశం కోర్టు కూడా ఏవో కొన్ని కారణాల మీదే అవార్డును కొట్టేస్తుంది. కాబట్టి లాయరు చేసే తప్పుకి ఇక్కడికంటే అక్కడ బరువు ఎక్కువ.

నైజీరియా కేసు చదివే ఉంటావు. నా కోసం ఇంకోసారి చదువు. పి అండ్ ఐడి అనే కంపెనీ 2010లో ఆ ప్రభుత్వంతో 20 ఏళ్ళ గ్యాస్ ఒప్పందం చేసుకుంది. ప్లాంటు కట్టనే లేదు. అయినా 2017లో ఆర్బిట్రేటర్లు కంపెనీకి 660 కోట్ల డాలర్లు ఇవ్వమన్నారు. వడ్డీతో కలిపి అది 1,100 కోట్లకు చేరింది. ఒక పేద దేశం ఖజానా నుంచి కట్టాల్సిన డబ్బు అది! ఆ ఆర్బిట్రేషన్‌కి సీటు లండన్. 2023 అక్టోబరులో అక్కడి హైకోర్టు ఆ అవార్డు మోసంతో సంపాదించినదని తేల్చింది. లంచాలు ఒక కారణం. నన్ను కుదిపేసింది రెండోది. నైజీరియా తన లాయర్లతో నడిపిన రహస్య కాగితాలు, ఆర్బిట్రేషన్ నడుస్తుండగానే అవతలి పక్షానికి చేరాయి. వాళ్ళు తిరిగి ఇవ్వకుండా ఉంచేసుకున్నారు. ఆ పక్షం లాయర్లను కూడా జడ్జి తప్పుబట్టారు.

నేను చదవాల్సిన పేజీ చదవలేదు. వాళ్ళు చదవకూడని కాగితాలు దగ్గర పెట్టుకున్నారు. నీకు ఈ రెండూ ఎదురవుతాయి. అర్ధరాత్రి రెండింటికి నాలుగొందల పేజీల ఎగ్జిబిట్లు నీ ముందుంటాయి, చివరి పేజీ తిప్పేయాలనిపిస్తుంది. ఎప్పుడో ఒకసారి అవతలివాళ్ళ మెయిల్ పొరపాటున నీకొస్తుంది. అది మీది కాదని తెలిసిన చోటే చదవడం ఆపి, మీ సీనియర్‌కి చెప్పు. ఆయన ఫర్వాలేదు చదవమన్నా చదవకు. ఉద్యోగం పోతుందని టెన్షన్ పడొద్దు. పోతే ఇంటికి వచ్చెయ్. ఆఫీసు గది పక్కన చిన్న గదిని అమ్మ ఇంకా నీ పేరుతోనే పిలుస్తోంది.

మన హైదరాబాదులో 2021 డిసెంబరులో ఆర్బిట్రేషన్ సెంటర్ ప్రారంభమైంది. సింగపూర్ సెంటర్ 1991 నుంచి ఉంది కాబట్టి పేరు తెచ్చుకుంది, మనదానికీ టైం పడుతుంది. ఎప్పటికైనా ఒక మిర్చి వ్యాపారి కాంట్రాక్టులో సీటు హైదరాబాదు అని నువ్వు రాయిస్తే చూడాలని ఉంది.

ఆ పాత కాంట్రాక్టు జిరాక్స్ ఒకటి నా దగ్గర ఉండిపోయింది. పేర్లు కొట్టేసి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. 14వ క్లాజు కింద పెన్సిల్ గీత నాదే, కేసు పోయిన రోజు గీసింది.

ఆశీస్సులతో,
నాన్న